సున్నల కింద ఒకటి

ముందుగా నా తెలివితక్కువతనం ఒప్పుకుంటాను. దయ్యాల్ని ఏనాడూ నమ్మనివాడు నల్లబల్ల అడుగున ఖాళీ జాగా వదిలినా ఫరవాలేదనుకుంటాడు. నేనూ అలాగే వదిలాను.

పుదుచ్చేరిలో లెక్కలు చెబుతాను. బూలియన్ మాత్రికల అర్ధసమూహాల మీద పరిశోధన చేస్తున్నాను. అదేమిటో అర్థమయ్యేలోగా వినే సమూహంలో అర్ధభాగం లేచిపోతుంది. బహుశా పేరు అందుకే వచ్చింది.

నిజానికి విషయం చిన్నదే. ఈ మాత్రికల్లో, అంటే గడుల పట్టికల్లో, ఉండేవి సున్నలూ, ఒకట్లూ. సున్న అంటే లేదు, ఒకటి అంటే ఉంది. ఒకటీ ఒకటీ కూడితే ఒకటే: ఉన్నది మళ్ళీ ఉన్నా ఉన్నట్టే కదా. 'సున్న'లో స తీసేస్తే మిగిలేది 'ఉన్న' అని ఒకసారి క్లాసులో చమత్కరించాను. పిల్లలంతా తమిళులు. ఒక్కరూ నవ్వలేదు.

వైట్ టౌన్ అనే పాత ఫ్రెంచి పేటలో ఓ పాత ఇంటి మేడ మీద గదిలో ఒక్కణ్ణే ఉంటాను. కింది వాటా ఖాళీ. రెంటి తాళంచెవులూ నా దగ్గరే ఉంటాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం తోచక, గోడకున్న నల్లబల్ల మీద మా స్టాఫ్ రూము వాళ్ళ మాత్రిక వేశాను. ఎవరు ఎవరింటి తలుపు పని లేకుండా తడతారో అక్కడ ఒకటి, లేదంటే సున్న. అడ్డువరుస తట్టేవాళ్ళది, నిలువు వరుస తలుపు తీసేవాళ్ళది. మిగతా అందరికీ ఒకట్లు పడ్డాయి. నా అడ్డువరుసా సున్నలే, నిలువు వరుసా సున్నలే. నాతో నేను మాట్లాడుకుంటాను గనక నా గడిలో ఒకటి వేసుకుందామా అనుకున్నాను గానీ, కాపీ కొట్టినట్టుంటుందని మానేశాను.

మాత్రికను దానితోనే గుణిస్తే స్నేహితుల స్నేహితులు బయటపడతారు. గుణించాను. మళ్ళీ గుణించాను. మిగతా గడులు ఒకట్లతో నిండిపోయాయి. నావి మాత్రం కదల్లేదు. స్నేహితుడి స్నేహితుడు దొరకాలన్నా ముందు ఓ స్నేహితుడుండాలి కదా. తాళం వేసి సముద్రం వైపు నడిచాను.

తిరిగొచ్చేసరికి మాత్రిక అడుగున కొత్త అడ్డువరుస ఉంది. దానికి పేరు లేదు. అన్నీ సున్నలే, నా పేరు కింద మాత్రం ఒకటి. అంటే ఎవరో పని లేకుండా నా తలుపు తడతారు.

నేను ఒకటిని ఉత్త నిలువుగీతగా రాస్తాను. ఇది అలా లేదు. పైనుంచి పొడుగ్గా ముక్కు వాలి ఉంది, ఇక్కడి ఫ్రెంచి బళ్ళో చదివిన పాతకాలం వాళ్ళు రాసినట్టు. తలుపు తాళం వేసినట్టే ఉంది. కిటికీలకు లోపలి గడియలున్నాయి. నా వేళ్ళకి సుద్ద ఉన్నమాట నిజమే, కానీ అంతసేపు రాసినవాడికి ఉండదా?

తుడిచేశాను. మర్నాడు కాలేజీ నుంచి వచ్చేసరికి అదే వరుస, అదే ముక్కు. ఈసారి తుడవలేదు. భయపడుతూనే, తలుపు గడియ వేయకుండా కూర్చున్నాను. ఎవరూ తట్టలేదు.

ఉండబట్టలేక ఫిజిక్స్ చెప్పే గోవిందరాజులన్నకి చెప్పాను. ఆయనది ఇక్కడికి దగ్గర్లోని ఏంబలం అనే ఊరు, తరాలుగా ఇంట్లో తెలుగే. దయ్యాన్ని తమిళంలోలా 'పేయి' అంటూ, స్టాఫ్ రూమంతా వినేలా అందుకున్నాడు.

"ఏంది సామీ, పేయి వొచ్చి నీకు లెక్క చేసి పెడతా ఉండాదా? దానికి అర్థమైందంటే పిల్లకాయలకి దాన్నే చెప్పమను, పాసన్నా అవుతారు!"

"నవ్వొద్దన్నా, నిజంగానే..."

"పాపం, అది కూడా నీతో మాట్లాడలేక గీత గీసి పరిగెత్తుంటాది!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గుంపులో కలవడానికి నాకు దొరికిన దారి అదొక్కటే.

ఆ సాయంత్రం కోపంతో, పేరులేని ఆ వరుసలో గోవిందరాజులన్న పేరు కింద ఉన్న సున్నని చెరిపి ఒకటి వేశాను. తెల్లారి చూస్తే ఆయన ఒకటి అలాగే ఉంది. నా కింద ముక్కున్న ఒకటి పోయి, సున్న ఉంది. దయ్యం వదిలితే మనిషి తేలికపడాలి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అదేమిటో ఇప్పటికీ తెలియదు. నిరూపించలేను, కొట్టిపారేయలేను.

కొన్నాళ్ళకి, స్టాఫ్ రూములో ఎవరూ లేనప్పుడు, గోవిందరాజులన్న నా బల్ల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"సామీ, మధ్యానం పూట మా ఇంటికాడ తలుపు కొట్టిపోతా ఉండేది నువ్వా? తీస్తే ఎవురూ ఉండరు."

ఎవరో నాకు మాత్రం ఏం తెలుసు? అయినా అంతా తెలిసినవాడిలా ఓ చిన్న నవ్వు నవ్వి, పేపర్లు దిద్దుకోసాగాను.