కరుణాకరం ఆటోలో బల్లి గుడ్లు

రాచర్ల నుంచి గిద్దలూరుకు ఆటో నడిపేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, బల్లి గుడ్లకు బూజు పట్టకుండా ఆటో నడిపేవాడు మాత్రం కరుణాకరం ఒక్కడే.

ఆ ఆటోలోనే రోజూ పొద్దున నాగవేణి గిద్దలూరు చీరల దుకాణానికి పనికి వెళ్తుంది. ఆ వేళకు స్టాండులో ఇంకో బండి దొరకదు. దొరికి ఉంటే ఈ కథ లేదు.

మొదట అంతా ఒక టూల్ బాక్సుతో వచ్చింది. స్పానరు కోసం కరుణాకరం మూత తీస్తే, లోపల శనగ గింజలంత తెల్లటి గుడ్లు రెండున్నాయి. భార్య రోజీ చూసి, "ఛీ, అవతల పారెయ్యి" అంది.

"పాసింజరు సామాను పారేస్తామా రోజీ? ఎవరో తల్లి నన్ను నమ్మి నా బండిలో పెట్టిపోయింది."

తడి దూది పరిచి, గుడ్లు పెట్టి, గాలి కూడా దూరకుండా మూత బిగించాడు. వారం తిరిగేసరికి గుడ్ల మీద పచ్చటి బూజు, పాత రొట్టె మీద పట్టినట్టు పట్టింది. ఆ పూట కరుణాకరం అన్నం ముట్టలేదు. పక్కింటివాళ్ళు వచ్చి "జ్వరమా?" అని అడిగితే, గోడకేసి తిరిగి పడుకునే "బూజు" అన్నాడు.

మళ్ళీ గుడ్లు దొరికినప్పుడు, ఆదివారం చర్చిలో ప్రార్థన విన్నపాలు చెప్పే సమయానికి లేచి నిలబడ్డాడు. "అయ్యగారూ, నా దగ్గర రెండు గుడ్లుండాయి. బూజు పట్టకుండా సంఘమంతా ప్రార్థన చెయ్యాల."

"ఏం గుడ్లు కరుణాకరం?"

"బల్లియి."

పాస్టరుగారు పెద్దమనిషి, నవ్వు పెదవుల మధ్యే ఆపుకున్నాడు. వెనక ఆడవాళ్ళ వరసకు మాత్రం ఆపుకోవడం చేతకాలేదు.

ప్రార్థన మీదే భారం వేసి కూర్చోలేదు కరుణాకరం. ఈసారి దూది మానేసి పొడి ఇసుక పోశాడు. మిఠాయి డబ్బా మూతకు కాల్చిన సూదితో బొక్కలు పెట్టాడు. గుడ్లు తడవకూడదు, దొర్లకూడదు అని పైవైపున పెన్సిలుతో చుక్క పెట్టుకున్నాడు. ఒక గుడ్డు సొట్టపడి బూజు పడితే, ఏడుపుముఖంతో దాన్ని తీసేశాడు గానీ, దాని బూజు రెండోదానికి అంటనివ్వలేదు. ఆ రెండోది పిల్లయింది. అగ్గిపుల్లంత బల్లిపిల్ల గోడెక్కుతుంటే వీధి వీధంతా పిలిచి చూపించాడు.

వానాకాలం వచ్చేసరికి డబ్బాలోకి ఇంకో రెండు గుడ్లు చేరాయి, ఇంటి గోడలు చెమ్మెక్కాయి. "ఇంట్లో గాలాడదు, బూజు ఖాయం" అని డబ్బాను ఆటో ఎక్కించాడు. కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

గాలి కావాలని, జల్లు కొడుతున్నా పక్క పరదాలు దించనివ్వడు. డబ్బా మీద దగ్గనివ్వడు. గుంత కనిపిస్తే బండి దిగి నడిచే మనిషికన్నా మెల్లగా పోనిస్తాడు. దారిలో ఆగినచోటల్లా మూత కొంచెం ఎత్తి, వాసన చూసి, "బూజు లేదు" అంటాడు. బండిలో ఉన్నవాళ్ళు హిందువులు కానీ, క్రైస్తవులు కానీ, అందరూ ఒక్క గొంతుతో "స్తోత్రం!" అంటారు. అలా అనకపోతే బండి కదలదు.

"డబ్బాను ఉయ్యాల మాదిరి పైకి కట్టొచ్చు గదన్నా? కుదుపుండదు" అంది నాగవేణి ఒకసారి.

"ఊగితే లోపల పిల్లకు కళ్ళు తిరగవా చెల్లెమ్మా?"

నాగవేణికి ఒళ్ళు మండిపోయింది. అదృష్టం ఏమంటే డబ్బా రోజూ రాదు. రాని రోజు బండి రయ్యిమని పోతుంది. "రోజూ తిప్పితే అలిసిపోతాయి, అప్పుడప్పుడు గాలి తగిలితే చాలు" అంటాడు కరుణాకరం. డబ్బా వచ్చిన రోజు మాత్రం ఆమెకు దుకాణంలో తిట్లే. చివరికి ఒకరోజు యజమాని తేల్చి చెప్పేశాడు: "ఇంకోసారి లేటయితే ఇంటికాడే ఉండు."

మర్నాడు స్టాండుకు వచ్చి చూస్తే, ఆటోలో ముందు సీటు పక్కన డబ్బా ఉంది!

బండి ఊరు దాటి నత్తలా పాకుతోంది. నాగవేణి ఓపిక పట్టింది, పట్టింది, ఇక పట్టలేకపోయింది. ఈ గుడ్లు ఉంటే తన ఉద్యోగం ఉండదు, తన ఉద్యోగం ఉండాలంటే ఈ గుడ్లు ఉండకూడదు. రోడ్డు పక్క కంపలోకి విసిరేద్దామని చెయ్యి చాపి డబ్బా లాక్కుంది.

"చెల్లెమ్మా! వద్దు, తెరవొద్దు!" అని కరుణాకరం అరిచేలోపే మూత ఊడింది.

లోపల శుభ్రమైన పొడి ఇసుక. దాని మీద పగిలిన పెంకులు రెండు. పిల్లలు ఎప్పుడో వెళ్ళిపోయాయి.

నాగవేణి తలెత్తింది. అద్దంలో కరుణాకరం కళ్ళు, దొంగతనం చేస్తూ పట్టుబడ్డవాడి కళ్ళలా ఉన్నాయి. ఈ ఖాళీ పెంకుల కోసమా ఇన్నాళ్ళూ తను తిట్లు తిన్నది! బండంతా దద్దరిల్లేట్టు అడిగేద్దామని నోరు తెరిచింది.

అంతలో పక్కన కూర్చున్న రోశమ్మ, నడుం వంచి డబ్బాలోకి చూడలేక, ఆత్రంగా అడిగింది. "గుడ్లు బాగుండాయా పాపా? బూజేమన్నా పట్టిందా?"

రోశమ్మ కూలికి పోయి జారిపడి నడుం విరగ్గొట్టుకున్న మనిషి. కట్టు చూపించుకోవడానికి గిద్దలూరు ఆస్పత్రికి తిరుగుతోంది.

"నీకెందుకత్తా ఆ గుడ్ల బాధ?"

"అట్లంటావేంది! మొదట్లో ఒకరోజు మధ్యాన్నం ఇంకో బండెక్కినా. గుంత గుంతకూ ప్రాణం పోతాంటే, మెల్లగా పోనీ నాయనా అన్నా. నీ ఒక్కదాని కోసం అందరం ఆగాల్నా, స్పెషల్ బండి మాట్లాడుకో అన్నారు. సిగ్గేసి సగం దారిలో దిగిపోయినా. ఈ బండిలో నేను నోరు తెరిచే పనే లేదు. నేనెక్కిన రోజల్లా గుడ్లుంటాయి. నా అదృష్టం చూడు!"

నాగవేణి తెరిచిన నోరు మెల్లగా మూసుకుంది. వెనకనుంచి ఎవరో కుర్రాడు, "ఏమైందక్కా, బూజు పట్టిందా? పడితే గట్టిగా పోనియ్యమను" అన్నాడు.

నాగవేణి డబ్బాను ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా వాసన చూసింది.

"బూజు లేదు. మల్లెమొగ్గల్లాగ ఉండాయి" అంది.

"స్తోత్రం!" అంది బండి.

"అన్నా, ముందు గుంతుంది. చూసి పోనీ" అని మూత పెట్టి, డబ్బాను ఒళ్ళోనే ఉంచుకుంది.

గిద్దలూరులో కరుణాకరం ముందు దిగి, రోశమ్మను చెయ్యి పట్టి దించి, ఆస్పత్రి గేటు దాకా వదిలి వచ్చాడు. నాగవేణి ఇంకా అక్కడే నిలబడి ఉంది.

"దుకాణంలో నాకు మాటొస్తా ఉందన్నా."

"అయ్యో, ముందే చెప్పగూడదా తల్లీ! ఆయమ్మ వచ్చే రోజు బండి ముందే తీస్తా. నువ్వు కూడా తొందరగా రా." చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఆమెతో మటుకు అనొద్దు. తెలిస్తే మళ్ళీ బండెక్కదు."

"అననులే. ఇంతకీ పిల్లలెప్పుడు బయటికొచ్చినాయి?"

"దసరాకు ముందే. రెండూ గట్టి పిల్లలు!" అన్నాడు కరుణాకరం, తండ్రిలా ఛాతీ పొంగించి.

"మరి ఈ గుడ్లు ఇంకా ఎన్నాళ్ళుంటాయన్నా?"

కరుణాకరం తుండుగుడ్డతో ముఖం తుడుచుకుని, ఆస్పత్రి గేటువైపు చూసి నవ్వాడు.

"రోశమ్మత్త నడుం నయమయ్యేదాకా ఎట్ల పగులుతాయి చెల్లెమ్మా?"