చెలికత్తె కొప్పు

2023 వానాకాలం. మా బాబుకు ఆరో నెల నిండగానే మళ్ళీ ఉద్యోగంలో చేరాను. జూబ్లీహిల్స్ నుంచి ఫిల్మ్‌నగర్ వైపు వెళ్ళే దారిలో ఒక స్కిన్ అండ్ హెయిర్ క్లినిక్‌లో నేను ట్రైకోస్కోపీ టెక్నీషియన్‌ని. ట్రైకోస్కోప్ అంటే తలకు ఆనిస్తే కుదుళ్ళను ఎన్నో రెట్లు పెద్దవి చేసి తెరమీద చూపించే చిన్న కెమెరా. వచ్చినవాళ్ళ వివరాలు రాసుకోవడం, ఫోటోలు తీయడం నా పని. జబ్బేమిటో తేల్చేది డాక్టర్ గారు. అయితే ఫైల్లో నేను రాసిన మొదటి మాట ఎటు చూపిస్తే ఆయన చూపూ ముందుగా అటే పోతుంది. అది ఎంత పెద్ద బాధ్యతో స్వప్న వచ్చేదాకా నాకు తెలియలేదు.

స్వప్న డాన్సర్. కృష్ణానగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటోంది. రాజుల కాలం కథతో తీస్తున్న సినిమాలో రాకుమారి వెంట తిరిగే నలుగురు చెలికత్తెల్లో ఒకతె. ఇంట్లో ఏడు నెలల పాప.

"పాప పుట్టినంక షురువైంది అక్కా. దువ్వెన పెడితే చాలు, చేతికొస్తుంది" అంది.

నా చెయ్యి నా జడమీదికి పోయింది. ఆ రోజుల్లో నాదీ అదే బాధ. స్నానం చేశాక నీళ్ళు పోయే జాలీ దగ్గర చేరిన వెంట్రుకలు ఏరి లెక్కపెట్టుకునేదాన్ని. కాన్పయిన కొన్ని నెలలకు జుట్టు ఒక్కసారిగా రాలడాన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. కడుపుతో ఉన్నప్పుడు రాలకుండా నిలిచినవన్నీ అప్పుడు కలిసి రాలతాయి. సాధారణంగా వాటంతటవే తిరిగి వస్తాయి. ఆ సంగతి రోజూ పదిమందికి చెప్పే నేను నాకు నేను నచ్చజెప్పుకోలేకపోయేదాన్ని. స్వప్న కనిపించగానే ఆ ధైర్యమంతా ఆమెకు చెప్పేశాను.

"నాకూ ఇంతేనమ్మా. మూడు నెలలు ఓపిక పట్టు, అదే ఆగుతుంది."

ఫైల్లో 'కాన్పు తర్వాత రాలడం' అని రాసి, నడినెత్తిన రెండు ఫోటోలు తీశాను. ఆ రోజు రద్దీ ఎక్కువ. డాక్టర్ గారు ఫైలు చూసి రక్తపరీక్ష రాశారు, ఆగి చూద్దామన్నారు.

ఆరు వారాలకే మళ్ళీ వచ్చింది.

"ఆగుమన్నవ్, ఆగిన. నేను ఆగిన గని నా నుదురు ఆగుతలేదు అక్కా" అని నవ్వింది. నవ్వు అంతలోనే పోయింది. "ఇంకా ఇరవై రోజుల షూటింగ్ ఉంది. బాలింతనని ఎవ్వలు పిలువకపోతే, దేవులాడంగ దేవులాడంగ దొరికిన పని. గీ నుదురు కండ్ల పడితే ఇంకొకదాన్ని పెట్టుకుంటరు."

జుట్టు పక్కకు తీసి చూశాను. ఎడమ కణత దగ్గర రెండు వేళ్ళ వెడల్పున పలచబడి చర్మం కనిపిస్తోంది. కుడి కణత నిండుగా ఉంది. కాన్పుకు ఎడమా కుడీ తెలియవు కదా. అప్పుడు పుల్ టెస్ట్ చేశాను. అంటే కొన్ని వెంట్రుకలను వేళ్ళ మధ్య పట్టి మెల్లగా లాగి, ఎన్ని ఊడివస్తాయో చూడటం. మొదటి రోజే చేయాల్సిన పని. తల వెనకనుంచి ఒక్కటి కూడా రాలేదు. కాన్పువల్లయితే అన్నివైపులా రావాలి.

"ఇది ఎప్పటినుంచి ఇలా ఉందో తెలిసే పాత ఫోటోలేమైనా ఉన్నాయా?"

"ఫోటోలకేం తక్కువ? కంటిన్యూటీ ఫోటోలున్నయ్ గదా."

ఒకే సన్నివేశాన్ని వేర్వేరు రోజుల్లో తీసినప్పుడు బొట్టు, పూలు, కొప్పు తేడా రాకుండా ప్రతిరోజూ ముందునుంచి, రెండు పక్కలనుంచి ఫోటోలు తీసి పెట్టుకుంటారట. ఆమె ఫోన్లో మూడు నెలలవి ఉన్నాయి. ఎడమ పక్కవి మాత్రం ఏరి, తేదీల వరుసలో కంప్యూటర్లో పెట్టాను. అదే చెవి, అదే కమ్మ, అదే వెలుతురు. కనుబొమ్మ కొసనుంచి జుట్టు అంచుదాకా ఒక్కో ఫోటోలో గీత గీస్తూ పోయాను. గీత వారం వారం పొడవవుతోంది. నా చేతులు ఆగలేదు. ఏ రోగి దగ్గరా దొరకని రికార్డు అది. కుడి పక్క ఫోటో తెరిస్తే కొప్పు కుడిచెవి వెనక ఉంది. బరువైన సవరం, దానిమీద పూలు. జుట్టంతా ఎడమ కణత నుంచి అటు బిగలాగి కట్టారు.

పరుగున వెళ్ళి డాక్టర్ గారిని పిలుచుకొచ్చాను. చూసి, "ట్రాక్షన్ అలోపీషియా" అన్నారు. లాగుడువల్ల ఊడటం. త్వరగా ఆపితే తిరిగి వస్తుంది, ఆలస్యమైతే కుదురు మూసుకుపోతుంది. లోషన్ రాసిచ్చి, "లాగుడు ఆగకపోతే దీనివల్ల ఉపయోగం లేదు" అన్నారు.

కానీ కొప్పు మారితే కంటిన్యూటీ పోతుంది. మర్నాడు స్వప్న సెట్లో జడలు వేసే సరోజమ్మగారిని వెంటబెట్టుకొచ్చింది. తెనాలి మనిషి. వస్తూనే, "ముప్పయ్యేళ్ళుగా జడలేస్తున్నానండీ, నా చేతికింద ఊడిన తల లేదు" అన్నారు.

నేను స్వప్న కణతకు కెమెరా ఆనించాను. తెరమీద వెంట్రుకల చుట్టూ తెల్లటి గొట్టాల్లాంటివి కనిపించాయి.

"ఏంటమ్మా అవి, ఈపులా?"

"కాదండీ. హెయిర్ కాస్ట్స్ అంటారు. లాగుడికి కుదురు లోపలి పొర వెంట్రుకను పట్టుకుని పైకి వస్తోంది."

ఆవిడ తెరకు దగ్గరగా వంగి చూశారు. "గెంతే స్టెప్పులు పెడతారు. కొప్పు జారితే నన్నే తిడతారు. బిగించక ఏం చెయ్యను?" అన్నారు. తర్వాత స్వప్న తల రెండు చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు. "బరువు జుట్టుకు కాకుండా తలకు కడితే?"

వల టోపీకి లోపల మెత్తటి పట్టీ కుట్టి, సవరాన్ని దానికే బిగించి, పైన స్వప్న జుట్టు వదులుగా కప్పారు. రెండు రోజుల తర్వాత సెట్లో తీసిన ఫోటో నాకు పంపారు. పాతదాని పక్కన పెట్టి ఎంత వెతికినా తేడా పట్టలేకపోయాను. కింద స్వప్న గొంతులో సందేశం: "గింత అల్కగుందేంది అక్కా. తలకాయ ఇంట్ల మర్శిపోయి వచ్చినట్టుంది."

పని పోలేదు. నాలుగు నెలలకు ఆ కణత దగ్గర కెమెరా పెట్టినప్పుడు సూదికొసల్లాంటి కొత్త వెంట్రుకలు కనిపించాయి. ఇద్దరం తెరమీద వేలు పెట్టి పోటీగా లెక్కపెట్టాం. పక్క గదిలోంచి రిసెప్షనిస్టు తొంగిచూసింది. చెవికి కాస్త ముందు మాత్రం చిటికెన గోరంత మేర నున్నగా ఉండిపోయింది. అక్కడ కుదుళ్ళు లేవు. నేను ఆగమన్న ఆరు వారాల్లోనే అది పోయి ఉండవచ్చని స్వప్నకు చెప్పాను.

"గదంత నీ మీదేసుకోకు అక్కా. జడ ఎట్ల ఏస్తరో నువ్వడగలే, నేను చెప్పలే."

ఎన్ని ఊడుతున్నాయన్నది ఇప్పుడు నా రెండో ప్రశ్న. మొదటిది, మీ జడ ఎవరు వేస్తారు, ఎలా వేస్తారు అని. మొన్న ఒకావిడ తన జుట్టు చూపించుకోవడానికి వచ్చింది. పక్కన ఎనిమిదేళ్ళ కూతురు, డాన్స్ క్లాసునుంచి నేరుగా వచ్చినట్టుంది, నున్నగా దువ్విన ముడితో. తల్లి సంగతి అయ్యాక, అడిగి ఆ పాప ముడి కూడా విప్పాను. అంతదాకా ముడి పైకి లాగిపట్టిన పాప కనుబొమ్మలు కొంచెం కిందికి దిగాయి.