సముద్రంలకెళ్లి వచ్చినోళ్లు

రాస్తున్నవా బిడ్డ? నేను చెప్పినట్లే రాయి, మధ్యల నీ కాలేజీ తెలుగు పెట్టకు.

మీ అమ్మమ్మ బందరుకెళ్లి వచ్చి మన అశోక్ నగర్ ఇంట్లనే ఉన్నది గదా. ఒక కన్ను ఆపరేషన్ అయింది, రెండోది నెల తర్వాత. ఆమెకేమో ఇక్కడ పొద్దు పోతలేదు. "ఈ ఒక్క కన్ను చాలు, నారాయణగూడలో బస్సెక్కించెయ్యండి" అని రోజూ మీ అమ్మ పానం తీస్తున్నది. మీ అమ్మ నా దగ్గరికొచ్చి, "అత్తమ్మా, రెండో కన్ను దాంక ఎట్లన్న ఆపండి" అన్నది. వియ్యపురాలిని ఆపుడంటే అల్కటి పనా?

కొన్ని దినాలు కంటికి రెస్టియ్యమన్నడు డాక్టరు. చదవొద్దు, టీవీ చూడొద్దు. సరే, నేను చదివి వినిపిస్తనని చిక్కడపల్లి లైబ్రరీకి పోయి ఒక లావు నవల తెచ్చిన. అట్ట మీద పడవ, పడవకు పాము తలకాయ. ఇంగ్లీషులకెళ్లి తెలుగు చేసిండ్రట. సాక్సన్లని కొందరు, వైకింగులని కొందరు, సముద్రం మీద కొట్లాట. ఆ పేర్లతోని నేనే పరేషాన్. సాక్సన్లంటే నాకు మీ తాత ఆఫీసుల సెక్షనోళ్లే యాదికొస్తరు. ఎవడు ఎవని తమ్ముడో, ఎవని పడవ ఎవడు తోలుతుండో, మల్ల మల్ల పేజీలు ఎనక్కి తిప్పుడే. పైగా పుస్తకంల భాష గట్టిది. అందుకని చూసుకుంట నా మాటల్ల చెప్తున్న.

మొదటి దినం చెప్పిన. "సాక్సన్లు ఒడ్డు మీద చేపలు ఎండేస్తున్నరు. ఒకటే మంచు. చూస్తుండంగనే సముద్రంలకెళ్లి వైకింగులు వచ్చిండ్రు."

"ఎన్నాళ్ళకి వచ్చారో పాపం" అన్నది మీ అమ్మమ్మ.

పాపమెందుకో నాకు సమజ్ కాలె. ముందుకు పోయిన.

సాక్సన్లు పెద్ద పడవలు కట్టి వాళ్ల ఎంట పడ్తరు. నీళ్లు ఎనక్కి పోతయ్, పడవలు బురదల కూసుంటయ్. సముద్రం ఎనక్కి ఎట్ల పోతది? నేను చూసింది హుస్సేన్ సాగర్, అది యాడికి పోదు. "పొంగితే పోటు, తీస్తే పాటు, వదినగారూ" అని మీ అమ్మమ్మనే నాకు చెప్పి, "బాగా అయింది ఆ సాక్సన్లకి" అని నవ్వింది.

వైకింగులు ఊరు కాలవెట్టే కాడ కూడ వాళ్ల దిక్కే. "సొంతింటికొస్తే తలుపేసుకుంటే ఏం చేస్తారు మరి?"

నాకు మండింది. "ఏంది వదినె, ఇండ్లు కాలవెట్టెటోళ్లను మెచ్చుకుంటున్నరు? బందరుల గిట్లనే ఉంటదా?"

ఊకనే అన్న. ఆమె లేచి లోపలికి పోయి సూట్‌కేసు తీసింది. మీ అమ్మ నన్ను చూసిన చూపు... సరే, అది రాయకు.

ఏమైందో తెలువక, పుస్తకం పట్టుకొని ఆమె మంచం కాడ కూసున్న. ఈసారి నా మాటలు లేకుండ ఉన్నదున్నట్లు చదివిన. "సముద్రం నుండి వచ్చిన వైకింగులు..."

చీర మడత పెడ్తున్న చెయ్యి ఆగింది. "నుండా? సముద్రంలోకి వెళ్ళి వచ్చారన్నారుగా మీరు?"

"సముద్రంలకెళ్లి అన్న. కెళ్లి అంటే నుంచే గదా."

"మాకు వెళ్ళి అంటే వెళ్ళడమే."

ఒకల మొకం ఒకలం చూసుకున్నం. ఆమె లెక్కల వైకింగులు చేపలు పట్టనీకి పోయి ఇంటికి తిరిగొచ్చినోళ్లు. సాక్సన్లేమో వాళ్ల ఇండ్లల్ల దూరిన దొంగలు. సగం పుస్తకం గిట్లనే నడిచింది.

"చేపలకి గొడ్డళ్ళెందుకా అనుకున్నాను" అన్నది మెల్లగ.

సూట్‌కేసు మూసి, మంచం కిందికి నూకి, దిండుకు ఆనుకున్నది. "అంతా తిరగేసి విన్నాను. మొదటికెళ్ళి చదవండి."

చదువుతున్న. రెండో కంటికి తారీఖు కూడ తీసుకున్నరు. గాని బిడ్డ, మొదటికెళ్లి అన్నది చూడు, అది మా కెళ్లినా, వాళ్ల వెళ్ళినా? ఎటు తిప్పినా ఒకటే అయితున్నది. అడుగుదమంటే, మల్ల సూట్‌కేసు తీస్తదేమోనని భయం.