ఊక కలిపిన కోర్టు మీద కంకర

ఈరోజు రాయకపోతే సోమవారానికి మన కబడ్డీ కోర్టు ఉండదు, అందుకే మన పాత జట్టు అమ్మాయిలందరికీ రాస్తున్నాను. బాన్సువాడలో మనం ఆడిన చోట బండ్ల పార్కింగ్ కోసం కంకర దించారు, సోమవారం పరుస్తారట. తడిసిన ఊక వాసన ఇంకా వస్తూనే ఉంది.

గుర్తుందా? పెద్ద జట్లకు ఆడి, మోకాలు దెబ్బతిని తిరిగొచ్చిన మన కోచ్ సార్, రైస్‌మిల్లు ఊక తెచ్చి మట్టిలో కలిపేవారు. "నా మోకాలు గట్టి నేల మీదనే పోయింది. మీకట్ల కావద్దు. ఇగ కూత పెట్టు పిల్లా, బువ్వ తినలేదా ఏంది?" అని అరిచేవారు.

కాంట్రాక్టర్‌ను నిలదీస్తే, "ఆడపిల్లల ఆటకు గింత జాగెందుకక్కా?" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. సార్ మాత్రం మిగిలిన ఊకను పారతో బస్తాలోకి ఎత్తుకుంటున్నారు.

ఆ ఊక మీద పడి లేచినవాళ్లం సోమవారం పొద్దున్నే కోర్టులో నిలబడదాం. ఎవరెవరు వస్తారో ఆదివారం సాయంత్రంలోగా చెప్పండి.