డెయిరీ పక్కన డైరీ

ఇప్పటి సుద్దముక్కలకు వాసన లేదు. మనవరాలి బోర్డు కోసం మొన్న జగ్గయ్యపేటలో కొన్న పెట్టె విప్పి, ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. పొడి రాలదు, వేళ్ళకు అంటదు. మా రోజుల్లో సుద్దముక్కకు చినుకు పడ్డ సున్నపు గోడ వాసన ఉండేది, బడి వదిలాక ఇంటికొచ్చి అన్నంలో చెయ్యి పెట్టినా అదే వాసన.

డెబ్భైల నాటి మాట. జూన్‌లో బడి తెరిచేసరికి తొలకరి పడి నల్లరేగడి చెప్పులకు పట్టి ఒక్కో కాలు రెండు కాళ్ళ బరువయ్యేది. దారి పొడుగునా వేపపళ్ళు చితికి ఈగలు ముసిరేవి, సంచిలోని గోంగూర పచ్చడి డబ్బా మూత ఊడి నూనె పుస్తకాలకెక్కేది. ఆడపిల్లలకు మూడు బెంచీలు. మొదటి రెండూ మా వీధుల వాళ్ళవి, చివరిది ఊరి బయట మాలపల్లె నుంచి వచ్చే పిల్లలది. ఈ లెక్క ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ తప్పలేదు.

ఏడో తరగతిలో ఇంగ్లీషు చెప్పిన మాస్టారు దాన్ని తప్పించారు. పొట్టి మనిషి, ఎప్పుడూ లాల్చీ మీద ముక్కుపొడుం మరకలు. మొదటి వారంలోనే చుట్టిన చీటీలు డబ్బాలో పోసి ఒక్కొక్కరినీ తీయమన్నారు. ఒక్కో చీటీలో ఒక ఇంగ్లీషు మాట. దాన్ని పోలిన మాట ఎవరికొస్తే వాళ్ళు ఏడాదంతా మన జత, బెంచీ మీద మన పక్క. షిప్పు వచ్చినవాడు షీపు వచ్చినవాడి పక్కన కూర్చోవాలి. వారానికొకసారి ఇద్దరూ లేచి రెండు మాటలకూ తేడా చెప్పాలి. ఒకడు తప్పు చెబితే ఇద్దరికీ గోడకుర్చీ.

నాకు డెయిరీ వచ్చింది, అంటే పాలకేంద్రం. డైరీ పల్లె నుంచి వచ్చే సలోమికి వచ్చింది. ఇంగ్లీషులో రెండింటికీ ఐదక్షరాలూ అవే, నడుమ రెండు మాత్రం చోటు మార్చుకుంటాయి. పాలకేంద్రం నాకు తెలుసు, మా బర్రెల పాలు అక్కడికే పోసేవాళ్ళం. డైరీ మాత్రం మా ఇద్దరిలో ఎవరమూ చూడలేదు. రోజూ ఏం జరిగిందో రాసుకునే పుస్తకమని మాస్టారు చెబితే, "రోజూ రాయడానికి ఏముంటయ్యే?" అని సలోమి నా చెవిలో అంది. ఆ మాటకు నవ్వినందుకు ఇద్దరం గోడకుర్చీ వేశాం.

ఆ పిల్లకు ఇంగ్లీషు బాగా పట్టుబడింది, నాకు లెక్కలు. ఇచ్చిపుచ్చుకున్నాం. క్రిస్మస్‌కి వాళ్ళమ్మ వండిన అరిసెలు కాగితంలో చుట్టి తెచ్చేది, నువ్వులు పళ్ళలో ఇరుక్కుని సాయంత్రం దాకా నాలుకతో తీసుకుంటూ ఉండేదాన్ని. ఇంట్లో చెప్పలేదు. బెంచీ మీద నన్ను "నువ్వు" అనేది. సెలవు రోజుల్లో వాళ్ళమ్మతో మా మిరపకళ్ళానికి రంగు పోయిన తాలుకాయలు ఏరడానికి వచ్చినప్పుడు "మీరు" అనేది. ఎవరూ నేర్పకుండానే ఇద్దరం ఆ తేడా పాటించాం.

మార్చిలో బడి వార్షికోత్సవం. ప్రతి జంటా పందిట్లో వేదికెక్కి, ఊరి పెద్దల ముందు తమ మాటలు చెప్పాలి. మా ఇద్దరికీ మాస్టారు చిన్న సంభాషణ రాసిచ్చారు. సలోమి నెల ముందే మొత్తం వల్లించేసింది. దానికోసం వాళ్ళ నాన్న పచ్చ గౌనుగుడ్డ తెచ్చి కుట్టించాడు.

వార్షికోత్సవానికి ముందు ఆదివారం కళ్ళంలో, ఎర్రగా పరిచిన కాయల ఘాటుకి అందరం తుమ్ముతూ ఉండగా, మా పెదనాన్న కూతురు సలోమిని చూపించి, "మా చెల్లి బడిలో ఈ పిల్ల పక్కనే కూర్చుంటది తెలుసా" అని కూలీలందరికీ వినపడేట్టు అంది. కొందరు నవ్వారు. నాయనమ్మ తలెత్తి చూసింది.

"ఏమే, నీ పక్కన కూర్చునేది ఈ పిల్లేనా?"

"అవును నాయనమ్మా."

ఆవిడ మళ్ళీ తల దించి కాయలు ఏరుకుంటూ కూర్చుంది. సిగ్గుతో నా ముఖం మండిపోయింది. సలోమి వైపు చూడకుండా ఇంటికి వచ్చేశాను.

మర్నాడు మాస్టారి దగ్గరికెళ్ళి చీటీ మార్చమన్నాను. "మా నాయనమ్మ ఒప్పుకోవట్లేదండి" అన్నాను. ఆవిడ అలా అనలేదు. అంటుందని మాత్రం నాకు గట్టి నమ్మకం. ఆయన "మారుస్తాను. ఆ పిల్లకి మాత్రం నువ్వే చెప్పు" అన్నారు.

చెప్పాను, అదే మాట. సలోమి నా ముఖంలోకి చూసింది, ఎందుకని అడగలేదు. పుస్తకాలు తీసుకుని చివరి బెంచీకి వెళ్ళింది. నన్ను ఇంకో జంటకు మూడోదాన్ని చేశారు. డైరీకి జత లేదు గనక సలోమి వేదికెక్కలేదు, పచ్చ గౌను వేసుకుని పందిట్లో వాళ్ళమ్మ పక్కన కూర్చుంది. నేను నా మాట తడబడకుండా చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను.

ఆ మాస్టారు లేరు, చీటీల డబ్బా లేదు. మిరపకళ్ళం ఉన్నచోట ఇళ్ళ ప్లాట్లు వేశారు. బడిలో అందరూ కలిసే కూర్చుంటున్నారు. ఈ కథ పిల్లలకు చాలాసార్లు చెప్పాను, ప్రతిసారీ నాయనమ్మ మాన్పించిందనే చెప్పాను. చెప్పీ చెప్పీ నేనే నమ్మాను.

కిందటేడు నందిగామలో కళ్ళ డాక్టరు దగ్గర సలోమి కనిపించింది. ఇంగ్లీషు టీచరుగా చేసి రిటైరైంది. కుశల ప్రశ్నలయ్యాక, ఎప్పటికైనా చెప్పాల్సిన మాటే కదా అని, "అప్పట్లో మా నాయనమ్మ చాదస్తం వల్ల నీకు అన్యాయం జరిగింది" అన్నాను.

సలోమి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"ఆ ఆదివారం మీరు వెళ్ళిపోయాక మీ నాయనమ్మగారు మా అమ్మని పిలిచి, 'మీ పిల్ల పక్కన కూర్చున్నాక మాదానికి నాలుగు ఇంగ్లీషు ముక్కలు వస్తున్నాయి, బెంచీ మార్చనీకు' అన్నారండి. నేను అక్కడే ఉన్నా. మర్నాడు మీరు చెప్పేటప్పటికే నాకు తెలుసు."

కోపంగా అనలేదు. ఇంతలో లోపలి నుంచి పిలిస్తే లేచి వెళ్ళింది. నాయనమ్మ పోయి ముప్పై ఏళ్ళు దాటింది. నేను చేసిన పనిని ఇన్నాళ్ళూ ఆవిడ మీద పెట్టి బతికాను. మనవరాలికి ఈ కథ ఇంకా చెప్పలేదు. చెప్పే రోజున అందులో మాన్పించింది నాయనమ్మ కాదు, నేను.