ఒక్క కుప్పలో నలభై రకాలు

నిన్న పొద్దుగూకే వేళ పాపకు అన్నం తినిపిస్తుంటే, మా విభాగంలో చదివిన వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక పీడీఎఫ్ వచ్చి పడింది. ఏడాదికొకసారి వచ్చేదే. విశ్వవిద్యాలయంలో అధ్యాపకులు, విద్యార్థులు ఆ సంవత్సరం సాధించిన విజయాలన్నీ ఫొటోలతో సహా అందులో వేస్తారు. ఎవరికి పురస్కారం వచ్చిందో, ఎవరి వ్యాసం ఏ పత్రికలో అచ్చయిందో, ఎవరు డాక్టరేటు అందుకున్నారో చూసుకుని, కింద చప్పట్ల బొమ్మలు పెట్టి మళ్లీ ఎవరి పనుల్లో వాళ్లు పడిపోతాం. నేనూ ప్రతి ఏడూ అలాగే పెట్టేదాన్ని. నిన్న మాత్రం రెండో పేజీ దగ్గర వేలు ఆగిపోయింది. నాకు పరిశోధనలో గురువైన మేడం శాలువా కప్పుకుని నిలబడి ఉన్నారు. ఆమె పక్కన, నాకంటే నాలుగేళ్లు చిన్నదీ, ల్యాబులో నా వెనకే తిరిగిందీ అయిన జూనియర్ అమ్మాయి డాక్టరేటు పట్టాతో నవ్వుతోంది. కరువుకు తట్టుకునే వేరుశనగ రకాల మీద పరిశోధన అని రాసి ఉంది.

పావుగంటకు ఆ అమ్మాయే మెసేజ్ పెట్టింది. "అక్కా, నువ్వు దాచిపెట్టిన విత్తనంతోనే మొదలుపెట్టినాను, మర్చిపోలేదు. నీ రిజిస్ట్రేషన్ ఇంకో ఏడుకు రెన్యువల్ చేసుకునేదానికి శుక్రవారమే ఆఖరంట, తర్వాత ఇంక పొడిగించరంట. మేడం ఈ ఏడే రిటైర్ అవుతా ఉండారు. నువ్వు వస్తావేమో కనుక్కోమన్నారు."

నా ఈడు ఆడపిల్లలు, పీహెచ్‌డీలో చేరి మధ్యలో వదిలేసినవాళ్లు, ఈ జిల్లాలో ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. మమ్మల్ని చూసి అందరూ అనేది ఒకటే, పెళ్లైంది కాబట్టి మానేసిందని. నేనూ ఇన్నేళ్లూ ఆ మాటనే పోనిచ్చాను. అది నిజం కాదు. నిజమేమిటో ఈ రాత్రి పాప నిద్రపోయాక రాసుకుందామని కూర్చున్నాను.

నా పరిశోధన నలభై రకాల వేరుశనగ మీద. మూడేళ్లు వరసగా, ఒకే నేలలో, వాన మీదే ఆధారపడి పండించి, ఏ రకం ఎండకు నిలబడుతుందో లెక్క తేల్చాలి. నేల మారితే మళ్లీ మొదటి ఏడు నుంచి రావలసిందే. మా ఊరు పాకాల దగ్గర, విశ్వవిద్యాలయం ఉన్న తిరుపతికి బస్సు దూరమే కనుక నాయన బావి పక్కనున్న ఎర్రనేల ముక్కను నాకు ఇచ్చేశాడు. "ఇన్ని రకాలు ఏసి ఏం జేస్తావు మే? ఏదైనా ఆఖరికి చట్నీకే గదా," అని నన్ను ఏడిపించేవాడు గానీ, విత్తనం వేసే రోజు నాకంటే ముందే చేలో ఉండేవాడు. అమ్మ నాతోపాటే కలుపు తీసేది. సాలుకొక కర్ర, కర్రకొక నంబరు. నేను తిరుపతికి బస్సెక్కి పోయిన రోజుల్లో అమ్మే పూత చూసి నాకు ఫోను చేసేది. "పదేడో నంబరు పూసింది, రాసుకో," అనేది. చదువు లేని మనిషికి ఆ నంబర్లన్నీ నోటికి వచ్చేశాయి.

రెండేళ్లు పంట బాగా వచ్చింది. మూడో ఏడు చెట్లు పీకి, కాయ తెంపి, ఏ రకానికి ఆ రకం విడిగా, వీధి పొడుగునా గోతాల మీద ఆరబోశాను. ప్రతి గోతం మీదా నంబరు రాసిన చీటీ, దాని మీద ఒక గులకరాయి. రెండు రోజులు ఎండితే తూకం వేసుకోవచ్చు. ఆ రోజే విభాగంలో వార్షికోత్సవం. పరిశోధక విద్యార్థుల్లో నాకు మొదటి బహుమతి అని మేడం ఫోను చేసి చెప్పారు. ఆకాశం తేటగా ఉంది. అమ్మకు అప్పగించి వెళ్లాను. వేదిక మీద జ్ఞాపిక అందుకుని, మేడం పక్కన నిలబడి ఫొటో దిగాను. ఆ ఏడాది విజయాల పత్రికలో నా ఫొటో కూడా పడింది. అది ఇప్పటికీ నా ఫోనులో ఉంది, తీసి చూడను.

తిరుగు బస్సు చంద్రగిరి దాటేసరికి వాన అందుకుంది. అద్దం మీద చినుకు పడగానే నా గుండె వీధిలోకి పరుగెత్తింది. మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. మబ్బు కమ్మిందంటే, వీధిలో ఎవరి కాయలు ఆరబోసి ఉన్నా సరే, దగ్గరున్నవాళ్లు పరుగెత్తి కుప్ప చేసి పట్ట కప్పేస్తారు. నీవా నావా అని చూడరు, ఇంటివాళ్ల కోసం ఆగరు. ఏటేటా ఎన్నో కుటుంబాల పంటను కాపాడింది ఆ పద్ధతే.

నేను దిగేసరికి వాన వెలిసింది. మా గడప ముందు ఒకే ఒక్క కుప్ప, దాని మీద నీలిరంగు పట్ట. అమ్మ, ఎదురింటి పెద్దమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్లు తడిసి ముద్దయి అరుగు మీద కూర్చుని నవ్వుతున్నారు.

"సూడు మే, ఒగ కాయ గూడా తడవనీలా!" అంది అమ్మ.

"బహుమానం నీకా, మాకు కాపీనీళ్లు గూడా లేవా?" అంది పెద్దమ్మ. "మీ అమ్మ కొంగు తీసి కాయల మీద కప్పింది, మేం సూస్తా ఉంటిమి, సిగ్గు లేకుండా!"

అమ్మ లోపలికి పోయి, దేవుడి గూటిలోంచి ఒక చిన్న కట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది. నా నలభై చీటీలూ. ఒక్కటి కూడా పోకుండా, ఒక్కటి కూడా తడవకుండా, దారంతో కట్టి దాచింది.

నేను వాళ్లందరికీ కాఫీ కలిపి ఇచ్చాను. జ్ఞాపిక చూపించాను. నవ్వాను కూడా. ఏ కాయ ఏ నంబరుదో ఇంక దేవుడికి కూడా తెలియదని వాళ్ల ముందు ఎలా చెప్పేది? తర్వాత వారం రోజులు, కాయ ముక్కు చూసి, నడుం నొక్కు చూసి వేరు చేయగలనేమోనని మిద్దె మీద కూర్చుని ఏరాను. నాలుగైదు రకాలకు మించి తేలలేదు. మేడానికి చెబితే తిట్టలేదు. ల్యాబు చల్లగదిలో నేను దాచిన విత్తనం కాస్త మిగిలి ఉందని, వచ్చే ఏడు అదే నేలలో మళ్లీ ఒక్క పంట తీయమని అన్నారు. మళ్లీ ఎందుకని అమ్మ అడిగితే చెప్పాల్సి వస్తుంది. ఇంట్లో మాత్రం, చేలో పని అయిపోయింది, రాయడమొక్కటే మిగిలిందని అబద్ధమాడాను. అమ్మ సంబరంగా ఆ కుప్పను గానుగకు వేయించింది. రెండు నెలలకు జరిగిన నా పెళ్లిలో వడలు కాల్చింది ఆ నూనెతోనే. అందరూ నూనె వాసన బాగుందన్నారు.

ఆ తర్వాత రేణిగుంట కాపురం, ఆయన గోడౌను ఉద్యోగంలో షిఫ్టులు, నాయన పోవడం, పాప పుట్టడం. పాపకు నెలకోసారి వచ్చే జ్వరాలు, రాకపోయినా నాకుండే భయం. రేపు రేపు అనుకుంటూనే శుక్రవారం దాకా వచ్చేశాను. నిన్న ఆయనతో అంటే, "నీ ఇష్టం మే," అని పక్కకు తిరిగారు. కాదనలేదు, ఔననలేదు.

నాయన పోయాక చేను చాలావరకు ఇళ్ల స్థలాల లేఅవుటుకు పోయిందని తెలుసు. బావి పక్క ముక్క ఒక్కటీ ఇంకా అలాగే ఉందేమోనని ఒక ఆశ. ఈరోజు మధ్యాహ్నం అమ్మకు ఫోను చేశాను. ముక్క సంగతి అడగాలంటే ఎందుకో చెప్పాలి. మొదటిసారి అంతా చెప్పాను. వాన, కుప్ప, చీటీలు, అబద్ధం.

"మేమే చెడగొట్టినామా?" అంది అమ్మ.

కాదమ్మా, అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా అనిపించలేదు. బావి పక్క ముక్క ఉందా అని అడిగాను.

"ఆ ముక్కలో గూడా రాళ్లు నాటేసినారు మే, ఉగాదప్పుడే. బావి గూడా పూడ్సేసినారు." అంది అమ్మ. "ఆ పొద్దే చెప్పింటే మళ్లీ ఏసుకుందుము గదా. నలభై రకాలూ నేనే ఏసి ఉందును. శేను మనదే గదా, అప్పుడు."

అప్పుడు చేను ఉంది, సాళ్ల పక్కన నిలబడి ఏడిపించే నాయన ఉన్నాడు, నంబర్లన్నీ నోటికొచ్చిన అమ్మకు వంగి లేచే ఓపిక ఉంది, మేడానికి ఇంకా సర్వీసు ఉంది, నాకు నా పగళ్లు ఉన్నాయి. ఒక్క మాట చెప్పలేకపోయాను. మంచి చేసినవాళ్ల మనసు నొప్పించకూడదని మాకు నేర్పారు, అదే నేను బాగా నేర్చుకున్న చదువు అయింది. ఈరోజు ఆ మాట చెప్పేశాను. ఇప్పుడు నా దగ్గర ఉన్నది ఆ మాట ఒక్కటే, విత్తడానికి జానెడు నేల లేదు.