ముందు చెవికి

ఈ ఉదయం భవానీపురంలో మంచం పట్టిన ఒక పెద్దావిడ ఇంట్లో ప్రార్థనకు నూనె సీసా మూత తీశాను. చాలామంది పాస్టర్లు ఒలీవనూనె వాడతారు, నాది కొబ్బరినూనె. ఆ వాసన తగలగానే కొండపల్లిలోని ఒక వరండా, ఆరబెట్టిన చెక్కబొమ్మలు, వాటి మధ్య కూర్చున్న జకరయ్య గారు గుర్తొచ్చారు. నేను పాస్టరునై ఎనిమిదేళ్లయింది. ఆయనే లేకపోతే మొదలుకాకముందే మానేసేదాన్ని.

జకరయ్య గారు మా సంఘ పెద్ద. బొమ్మలకు రంగులేసేవారు, అదీ ఎడమచేత్తో. వయసులో ఉన్నప్పుడు కర్రకోత రంపం కింద కుడిచేతి బొటనవేలు పోయిందట. నా ప్రసంగం కాస్త సాగితే చాలు, గోడగడియారం వైపు తిరిగి కూర్చునేవారు. నాకు ఒళ్లు మండేది.

నన్ను పాస్టరుగా నియమించే అభిషేకం ఇంకో పది రోజులుందనగా నేనొక ఘనకార్యం చేశాను. ఇబ్రహీంపట్నంలో జబ్బుపడిన ఒక లారీ డ్రైవరు ఇంటికి వెళ్లాను. ఆయన భార్య మరియమ్మ ఏదో చెప్పబోతే చేయెత్తి ఆపి, ఆయన స్వస్థత కోసం గొంతెత్తి ప్రార్థన అందుకున్నాను. ఆమేన్ అన్నాక ఆవిడ మెల్లగా అంది: "ఆయన పొద్దున్నే ఆసుపత్రిలో పోయారమ్మా. ఇంకా ఇంటికి తీసుకురాలేదు." సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఒక్క ఓదార్పు మాటైనా అనకుండా వచ్చేశాను. నేరుగా జకరయ్య గారి దగ్గరికే వెళ్లాను.

"నాకీ అభిషేకం వద్దండీ. రేపే బిషప్‌గారికి ఉత్తరం ఇచ్చేస్తాను," అన్నాను.

జరిగిందంతా విని ఆయన కుంచె పక్కన పెట్టారు. "లేవీయకాండంలో అహరోనును యాజకుడిగా ప్రతిష్ఠించినప్పుడు మోషే పొట్టేలు రక్తం ఎక్కడెక్కడ పెట్టాడమ్మాయ్?"

"కుడిచెవి కొనకి, కుడిచేతి బొటనవేలికి, కుడికాలి బొటనవేలికి." పరీక్షలకు బట్టీపట్టిందే.

"ముందు దేనికి?"

"చెవికి."

"మరింకేం? ముందు వినాలి. ఆ తర్వాతే చెయ్యి, ఆ తర్వాతే కాలు. రక్తమంటే ప్రాణం. ప్రాణం పెట్టి వినమని. నువ్వేమో వినకుండానే మొదలెట్టావు. ఇప్పుడు పారిపోతే ఆవిడకేం ఒరుగుద్ది?"

లోపలికెళ్లి కొబ్బరినూనె తెచ్చి నా చెవికొనకు రాశారు. తర్వాత తన చేతినే చూసుకుంటూ అన్నారు: "నేనూ పాస్టర్నవుదామనుకున్నా. అవిటివాడు బలిపీఠం దగ్గరికి రాకూడదని ఆ లేవీయకాండంలోనే చదివి ఆగిపోయా. అది పాత నిబంధన కదా, నాకూ వర్తిస్తుందా అని ఒక్కర్నీ అడగలా. నేను మాత్రం ఎవరి మాట విన్నానులే!"

సీసా అందుకుని, ఆయన కుడిచేతిని పట్టుకుని, బొటనవేలు ఉండాల్సిన చోట నూనె రాశాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆ సాయంత్రమే మరియమ్మ ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగి, పక్కన కూర్చున్నాను. భర్త లారీ గురించీ, ఆయన దారిలో కొనుక్కొచ్చే మామిడితాండ్ర గురించీ ఆవిడ చెబుతూనే ఉంది. నేను నోరు మెదపలేదు. పది రోజుల తర్వాత నా అభిషేకానికి ఆవిడ తెల్లచీర కట్టుకుని వచ్చి, జకరయ్య గారి వెనక వరుసలో కూర్చుంది. ఆ రోజు ఆయన గడియారం వైపు చూడలేదు.

ఆయన పోయి మూడేళ్లయింది. ఈ ఉదయం మూత తీశానే గానీ నూనె రాయబోయేంతలో పెద్దావిడ పెదవులు కదిలాయి. సీసా కింద పెట్టి, మంచం దగ్గరికి జరిగి, "చెప్పండమ్మా," అన్నాను. ప్రార్థన మొదలయ్యేసరికి మధ్యాహ్నమైంది.